పొడుగు మనిషికి మొదటి బండి: సీటు ఎత్తు కంటే ముందు మోకాళ్లు చూసుకో

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకే తెలుస్తుంది. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు 72 కిలోలు. ఉండేది రాయగడలో. సైకిల్ తప్ప ఇంతవరకూ ఏదీ నడపలేదు. కొత్త ఉద్యోగంలో కాశీపూర్, కల్యాణసింగుపూర్ వైపు పల్లెలు తిరగాలి, మధ్యమధ్యలో పార్వతీపురంలో అమ్మమ్మగారింటికి వెళ్లిరావాలి. నాన్నగారు వంద సీసీ బండి చాలంటున్నారు. స్నేహితులు మాత్రం నీ ఎత్తుకు చిన్న బండి నప్పదు, 350 సీసీ తీసుకో అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది నీ ప్రశ్న.

ఈ కొండల వైపు బళ్లు బాగుచేయడం, కొత్తవాళ్లకు నడపడం నేర్పడం చాలా ఏళ్లుగా నా పని. నేనూ ఆరడుగులు దాటినవాణ్ణే కాబట్టి నీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. నాన్నగారు బరువు గురించి, ఖర్చు గురించి ఆలోచిస్తున్నారు. అది సరైన ఆలోచన. నీ స్నేహితులు చూస్తున్నది బండి మీద నువ్వెలా కనిపిస్తావన్నది. బండి పెద్దగా కనిపించినంత మాత్రాన దాని మీద నీ కాళ్లకు చోటుంటుందని లేదు. నీ నిర్ణయమంతా ఇక్కడే ఉంది.

ముందు సీటు ఎత్తు సంగతి తేల్చేద్దాం. కంపెనీవాళ్లు ఇచ్చే సీటు ఎత్తు పొట్టిగా ఉన్నవాళ్లకు పనికొచ్చే లెక్క. కాలు నేలకు అందుతుందా లేదా అన్నదే అది చెబుతుంది. మన దగ్గర మామూలుగా అమ్ముడయ్యే ఏ బండి మీదైనా నీ పాదాలు నేలకు ఆనుతాయి. నీకు కావలసింది సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య ఎంత దూరం ఉందన్న కొలత. అది సాధారణంగా ఏ బ్రోచర్‌లోనూ వేయరు. యమహా ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు 805. అంకెలు చూస్తే ఆర్15 పొడుగువాళ్ల బండి అనిపిస్తుంది. ఎక్కి కూర్చుంటే లెక్క తిరగబడుతుంది. ఆర్15 ఫుట్‌రెస్టులు రేసు బండి తీరులో పైకీ వెనక్కీ ఉంటాయి. నీ మోకాళ్లు బిగువుగా మడతపడతాయి, నడుము ముందుకు వంగుతుంది, అరగంటకే తొడలు పట్టేస్తాయి. క్లాసిక్‌లో ఫుట్‌రెస్టులు కిందకి ఉంటాయి, కాలు హాయిగా దిగుతుంది. సీటు పది మిల్లీమీటర్లు తక్కువైనా కాలికి చోటు ఎక్కువ.

మోకాళ్ల గురించి ఇంతగా చెప్పడం కేవలం సుఖం కోసం కాదు. పెట్రోల్ ట్యాంకుకు రెండు పక్కలా లోపలికి నొక్కినట్టు గుంటలుంటాయి చూడు, మోకాళ్లు ఆనవలసింది అక్కడ. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుంటే ఒంటి బరువు కాళ్ల మీద, నడుము మీద ఉంటుంది, చేతులు వదులుగా ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు ముందుకు జారవు. మోకాళ్లు ఆ గుంటలు దాటి పైకి లేచినా, పక్కలకు విచ్చుకున్నా ఆ పట్టు పోతుంది. అప్పుడు బరువంతా అరచేతుల మీదకు వస్తుంది. చేతులు బిగుసుకున్నాక, చక్రం గుంతలో పడిన ప్రతిసారీ కుదుపు భుజాల దాకా వస్తుంది, భుజాలు అదిరితే ఆ అదురు తిరిగి హ్యాండిల్‌కి పోతుంది. బండి వణుకుతోంది, అలైన్‌మెంట్ చూడండి అని మా షెడ్డుకు వచ్చే పొడుగు కుర్రాళ్లలో చాలామంది బళ్లకు ఏ లోపమూ ఉండదు. మోకాళ్లు ట్యాంకుకు ఆనకుండా, రెండు చేతులతో హ్యాండిల్‌ని పిసికేస్తూ నడుపుతుంటారు.

అందుకని షోరూమ్‌లో నువ్వు చేయాల్సిన పరీక్ష ఇది. దీనికి లైసెన్సు అక్కర్లేదు, బండి కదలదు కాబట్టి. రోజూ ఉద్యోగానికి వేసుకునే బూట్లతోనే వెళ్లు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టించు, అది లేని బండి అయితే ఒక మనిషిని గట్టిగా పట్టుకోమను. రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, చేతులు హ్యాండిల్ మీద వేసి, పది నిమిషాలు అలాగే కూర్చో. సేల్స్ కుర్రాడు మాటల్లో పెట్టి దింపేయాలని చూస్తాడు, దిగకు. మొదటి నిమిషంలో అన్ని బళ్లూ బాగానే ఉంటాయి, ఏడో నిమిషంలో తుంటి దగ్గర లాగడం మొదలైతే అది నీ బండి కాదు.

అలా కూర్చునే హ్యాండిల్‌ని కుడికి చివరిదాకా తిప్పు. కుడి గ్రిప్పు నీ ఒంటి వైపు వస్తుంది. అది గానీ బ్రేకు లివర్ గానీ మోకాలికి తగులుతుందేమో చూసుకో. తగిలితే ఆ బండి వదిలేయ్, ఎంత నచ్చినా సరే. ఇరుకు సందులో యూటర్న్ తీసుకునేటప్పుడు యాక్సిలేటర్ పట్టుకున్న చెయ్యి మోకాలికి గుద్దుకుంటే, చెయ్యి తనకు తెలియకుండానే మెలి తిరుగుతుంది, బండి ముందుకు ఉరుకుతుంది. కొత్తవాళ్లు గోడకు గుద్దేది ఇలాంటప్పుడే. ఎడమ పక్క కూడా అలాగే క్లచ్ లివర్‌తో చూడు. కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి.

తర్వాత పాదాలు. నీ ఎత్తుకు బూటు పదకొండో పన్నెండో నంబర్ అయి ఉంటుంది. గేర్ లివర్ కింద బూటు ముందుభాగం దూరుతుందా చూడు. స్ప్లెండర్ లాంటి బళ్లకు గేర్ లివర్ ముందూ వెనకా రెండు తొక్కుళ్లతో ఉంటుంది. పొడుగు పాదం ఉన్నవాళ్ల మడమ వెనక తొక్కుడు మీద ఆనిపోయి, తెలియకుండానే గేరు మారుతుంది. ఇది కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. లివర్ పళ్లున్న షాఫ్టు మీద కూర్చుంటుంది, బోల్టు విప్పి ఒక పన్ను పైకో కిందకో జరిపి బిగిస్తే సరిపోతుంది. మెకానిక్‌కి కాసేపట్లో అయ్యే పని. ఆఖరుగా ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి చూడు. మీ కాశీపూర్ వైపు దారుల్లో గుంతలొచ్చినప్పుడు అలా లేవాల్సి వస్తుంది. నిలబడ్డప్పుడు హ్యాండిల్ అందుకోవడానికి విల్లులా వంగాల్సి వస్తే, ఆ బండి నీకు టౌన్ రోడ్ల వరకే పనికొస్తుంది.

ఇప్పుడు బరువు. కొత్తవాళ్లు బండి పడేసేది స్పీడులో కాదు, ఆగేటప్పుడు, తిప్పేటప్పుడు, స్టాండు తీసేటప్పుడు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అదే కంపెనీ హంటర్ 350 బరువు 181. స్ప్లెండర్ 112. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ దాదాపు 159. ఎర్రమట్టి తడిసిన వాలులో, ముందు చక్రం కాస్త జారినప్పుడు, ఈ తేడా అంతా నీ ఎడమ కాలి మీద పడుతుంది. ఎత్తున్నవాడికి కాలు గట్టిగా ఆనుతుంది కాబట్టి మొదట్లో ఒరిగిన బండిని నిలబెట్టుకోగలవు, అది నీకున్న మంచి అవకాశమే. కానీ ఒక హద్దు దాటి ఒరిగాక దాదాపు రెండు క్వింటాళ్ల బండిని ఏ ఎత్తు మనిషీ ఆపలేడు. ఆపబోతే చీలమండ పోతుంది. పైగా అంత బరువుతో లాభం ఏమిటో కూడా చూడు: క్లాసిక్ ఇంజన్ ఇచ్చే శక్తి 20 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పైచిలుకు, ఎక్స్‌పల్స్ 200 ఇచ్చేది 19 దగ్గర. ఆ ఇద్దరిలో ఒకరు 36 కిలోలు ఎక్కువ మోస్తున్నారు.

అందని కాలు పొట్టివాళ్ల సమస్య అయితే, మరీ బాగా అందే కాలు పొడుగువాళ్ల సమస్య. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాళ్లు నేలకు హాయిగా అందుతాయి కనుక పొడుగు కుర్రాళ్లు నెమ్మదిగా వెళ్లాల్సిన ప్రతిచోటా రెండు కాళ్లూ దించేసి నేల తన్నుకుంటూ నడుపుతారు. సంతలో, గేటు దగ్గర, పెట్రోల్ బంకు లైన్లో అంతా అదే. దాంతో సగం క్లచ్ మీద, వెనక బ్రేకు కాస్త తొక్కి పట్టి, నడిచే వేగంలో బండిని నిలకడగా నడపడం వాళ్లకు ఎప్పటికీ రాదు. కుడి పాదం నేల మీద ఉంటే వెనక బ్రేకు ఎవరు తొక్కుతారు? ఇంకో కష్టం కూడా ఉంది. కాలు దించి ఉన్నప్పుడు బండి ముందుకు కదిలితే వెనక నుంచి ఫుట్‌రెస్టు వచ్చి పిక్కకు కొడుతుంది. నేర్చుకునే పొడుగు కుర్రాడి ప్యాంటు పైకి మడిస్తే ఎడమ పిక్క వెనక, చీలమండకు జానెడు పైన, బొటనవేలంత మచ్చ నల్లగా కమిలి కనిపిస్తుంది. అది చూడగానే నేను గుర్తుపడతాను.

కాబట్టి నేర్చుకునే మొదటి వారం నుంచే ఒక నియమం పెట్టుకో: బండి కదిలిన వెంటనే రెండు పాదాలూ పైకి, ఆగే ముందు ఎడమ పాదం ఒక్కటే కిందకి, కుడి పాదం బ్రేకు మీదే. ఖాళీ మైదానంలో మొదటి గేరులో, యాక్సిలేటర్ దాదాపు ముట్టుకోకుండా, క్లచ్‌తోనే నడిచేంత నెమ్మదిగా నడుపు. అలా ఎనిమిది అంకె తిప్పగలిగాక రోడ్డు మీదకు రా. తేలిక బండి మీద ఇది కొద్ది రోజుల్లో వస్తుంది. బరువు బండి మీద భయం పోవడానికే నెలలు పడుతుంది.

ఇంజన్ సంగతి. నీ దారులకు 100 సీసీ సరిపోదని కాదు, మన ఏజెన్సీ అంతా ఆ బళ్ల మీదే తిరుగుతోంది. నువ్వొక్కడివే, చిన్న బ్యాగుతో అయితే ఇబ్బంది లేదు. కానీ వెనక మనిషినీ సామానునూ ఎక్కించుకుని సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సెమిలిగూడ వైపు ఎక్కాల్సి వస్తే 8 పీఎస్ బండి రెండో గేరులో మూలుగుతుంది, వెనక లారీ హారన్ కొడుతుంటుంది, నీకు టెన్షన్. 11 పీఎస్ దగ్గరుండే 125 సీసీ కాస్త మేలు, 160 నుంచి 200 అయితే నిశ్చింత. అంతకు మించింది మొదటి ఏడాది నీకు అవసరం పడదు. దిగేటప్పుడు మాత్రం ఏ బండికైనా ఒకటే పద్ధతి: ఎక్కడానికి ఏ గేరు వాడావో దిగడానికీ అదే గేరు, ఇంజన్ ఆఫ్ చేయకు, న్యూట్రల్‌లో వదలకు. పెట్రోల్ మిగుల్తుందని అలా దిగేవాళ్లు బ్రేకులు వేడెక్కి పట్టు పోయాక మలుపులో ఆపలేకపోతారు.

బ్రేకుల విషయంలో చట్టం నీకు కొంత సాయం చేస్తుంది. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు. 125, అంతకు లోపు బళ్లకు ఆ 2019 నియమం ప్రకారం సీబీఎస్ ఇస్తే చాలు. అది ఒక బ్రేకు వేస్తే రెండోదీ కాస్త పడే ఏర్పాటు, చక్రం జారకుండా ఆపేది కాదు. ఆవులు, మేకలు సాయంత్రం పూట రోడ్డు మీదే కూర్చునే మన దారుల్లో, కొత్తవాడు కంగారులో ముందు బ్రేకు బిగపట్టేస్తాడు కాబట్టి, ఏబీఎస్ ఉన్న బండి కొనగలిగితే కొనమంటాను.

ఇక ఏ బండి అన్నదానికి వస్తే, డబ్బు సర్దుకోగలిగితే నా ఓటు ఎక్స్‌పల్స్ 200 4వీకే. సీటు 825 మిల్లీమీటర్లు, ఫుట్‌రెస్టులు తగినంత కిందకి, హ్యాండిల్ ఎత్తుగా వెడల్పుగా ఉంటుంది, నిలబడితే చేతులు సహజంగా అందుతాయి. నేలకూ ఇంజన్‌కూ మధ్య 220 మిల్లీమీటర్ల సందు, ముందు 21 అంగుళాల చక్రం ఉండటం వల్ల కల్యాణసింగుపూర్ అవతల రాళ్ల దారిలో గుంతలను మింగేస్తుంది. పొట్టివాళ్లు ఎక్కలేక వదిలేసే బండి ఇది, నీకు సరిగ్గా కుదురుతుంది. లోపాలూ ఉన్నాయి. సీటు సన్నం, గట్టి. హైవే మీద గంటకు ఎనభై దాటాక ఇంజన్ అదురు చేతులకు తెలుస్తుంది. ఏబీఎస్ ముందు చక్రానికే. దాన్లోనే ప్రో అని 891 మిల్లీమీటర్ల సీటుది ఉంది, నీ కాళ్లు దానికీ అందుతాయి గానీ మొదటి బండిగా అది వద్దు. అంత ఎత్తున బరువు పెట్టుకుని నెమ్మదిగా తిప్పడం నేర్చుకునేవాడికి కష్టం.

అంత బడ్జెట్ లేదంటే నాన్నగారి మాటే విను, కానీ వంద సీసీల్లో ఏదో ఒకటి అని కాకుండా బజాజ్ ప్లాటినా 110 చూడు. సీటు 807 మిల్లీమీటర్లు, అంటే క్లాసిక్ 350 కంటే ఎత్తు. సీటు పొడవుగా ఉంటుంది కాబట్టి వెనక్కి జరిగి కూర్చోవచ్చు, పొడుగు తొడలకు అదే కావాలి. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుందని నీ స్నేహితులు పెదవి విరుస్తారు. విరవనీ. హోండా షైన్ 125 కూడా ఫర్వాలేదు, సీటు 791, నిటారుగా కూర్చోవచ్చు. హంటర్ 350 మీద నీకు మనసుందని రాశావు. దాని సీటు 790, బండి పొట్టిగా కుదించినట్టు ఉంటుంది. పై పరీక్షలో పది నిమిషాలు కూర్చున్నాక నువ్వే చెబుతావు. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ నీ ఎత్తుకు చాలా బాగుంటుంది, 835 సీటు, 167 కిలోలు, కానీ కొత్త ఉద్యోగంలో మొదటి బండికి అంత పెట్టడం నాకు ఇష్టం లేదు. హిమాలయన్ 450 అయితే 196 కిలోలు. రెండేళ్లు నడిపాక, దేవమాలి కొండ మీదకు వెళ్లాలనిపించినప్పుడు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఏది కొన్నా, బండిని ఉన్నదున్నట్టు నడపాలని లేదు. సీటు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లి అంగుళం, అంగుళంన్నర మందాన గట్టి ఫోమ్ వేయించు. మెత్తటి స్పంజి వేస్తే నెలలో అణిగిపోతుంది, గట్టిదే అడుగు. నీ కాలికి చోటు పెంచడానికి ఇంతకంటే చవకైన దారి లేదు, నచ్చకపోతే తీసేయించుకోవచ్చు. హ్యాండిల్ కింద రైజర్లు, అంటే దాన్ని పైకి లేపే దిమ్మలు, వేయించుకుంటే మాత్రం జాగ్రత్త. వేశాక హ్యాండిల్‌ని రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడు. క్లచ్ కేబుల్, బ్రేకు పైపు, యాక్సిలేటర్ కేబుల్ బిగుసుకోకూడదు. తిప్పినప్పుడు ఇంజన్ శబ్దం దానంతటదే పెరిగితే వెంటనే విప్పించెయ్. బ్రేకు, క్లచ్ లివర్లను కూడా కాస్త తిప్పి, వేళ్లు చాపితే మణికట్టు వంగకుండా లివర్ అందేలా పెట్టించుకో. షోరూమ్‌లో అడిగితే డబ్బులు తీసుకోకుండా చేస్తారు, అడగకపోతే ఎవరూ చేయరు. అద్దాల్లో నీ మోచేతులే కనిపిస్తుంటే అద్దాల కాడలు పొడుగువి వేయించు.

సెకండ్ హ్యాండ్ ఆలోచన ఉంటే సరిహద్దులో ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. పార్వతీపురంలో ఏపీ నంబరు బండి చవగ్గా దొరుకుతుంది, అమ్మమ్మగారి ఊరు కాబట్టి తెలిసినవాళ్లదే కావచ్చు. కానీ నువ్వు నడిపేది రాయగడలో. వేరే రాష్ట్రం నంబరు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఒడిశాలో రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి, అంటే ఓడీ-18 నంబరు. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ ట్యాక్సు మళ్లీ కట్టాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. బండి మీద ఫైనాన్స్ ఉండి ఉంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో సరిచూసుకో. ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్చడానికి పేరు మారిన 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇవన్నీ కలుపుకుంటే చవక బండి అంత చవక కాదని తేలొచ్చు. ఒడిశా నంబరుదే, రాయగడ, గుణుపురం, జయపురం వైపు వెతికితే మంచిది. కొత్తదైతే 350 సీసీ లోపు బళ్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత ధరలు చూసి లెక్క వేసుకోకు.

హెల్మెట్ ఐఎస్‌ఐ మార్కున్నది, ముఖమంతా కప్పేది తీసుకో. ముందు అద్దం పలక ఉన్న బండి అయితే దాని మీదుగా వచ్చే గాలి పొడుగువాళ్లకు సరిగ్గా హెల్మెట్ దగ్గరే కొడుతుంది, తల ఊగుతుంది. అలా అనిపిస్తే పెద్ద పలక కోసం పరిగెత్తకుండా, ఉన్నదాన్ని తీసేసి ఒకసారి నడిపి చూడు. చాలామందికి అదే హాయిగా ఉంటుంది.

లెర్నర్ లైసెన్సుకు ఈ వారమే దరఖాస్తు పెట్టు. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పక్కా లైసెన్సు టెస్టుకు వెళ్లొచ్చు. ఆలోపు ప్లాటినా, ఎక్స్‌పల్స్, హంటర్ మూడింటి మీదా ఆ పది నిమిషాల పరీక్ష చేసి, ఒక్కోదానిలో మోకాలికీ హ్యాండిల్‌కీ మధ్య ఎన్ని వేళ్ల సందు ఉందో, ఎక్కడ లాగిందో రాసి పంపు. సీటు మధ్య నుంచి ఫుట్‌రెస్టు దాకా టేపుతో కొలిచి ఆ అంగుళాలు కూడా రాయి, ఏ బండికి ఎంత ఫోమ్ వేయించాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.